జైరోసి పెదనాన్న డెబ్బై మీటర్లు

2018 మే 12. నలభై ఒకటి.

ఆ అంకెను చూపించింది మా వేట శిబిరం యజమానురాలు మిసెస్ ప్రిడో చేతిలోని యంత్రం. నిరుడు డబ్బు కట్టి వేటాడడానికి వచ్చిన అతిథి ఒకాయన వెళ్తూ వెళ్తూ బహుమతిగా ఇచ్చిన ఆ యంత్రాన్ని ఏ వస్తువు వైపు తిప్పి మీట నొక్కినా, ఆ వస్తువు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో చెబుతుంది. ఆవిడ దాన్ని ముందు వంటశాల వైపు తిప్పింది. తర్వాత నీళ్ళ ట్యాంకు వైపు తిప్పింది. చివరికి మైదానం కొసన, గురి పరీక్ష కోసం అడవిదున్న బొమ్మ తగిలించిన కొయ్య వైపు తిప్పింది. ఆ కొయ్య డెబ్బై మీటర్ల దూరంలో ఉందని మురారా వేట శిబిరంలో అందరికీ తెలుసు. తెలియనిది ఆ యంత్రానికి ఒక్కదానికే.

"జైరోసీ, ఈ కొయ్య పాతిందెవరు?"

"నేనే మేడమ్. ఏటా వానలకి పడిపోతుంది. ఏటా నేనే పాతుతా."

"ఎంత దూరంలో?"

"డెబ్బై."

"డెబ్బై ఏమిటి?"

జైరోసి తన కాళ్ళ వంక చూసుకున్నారు. "అంగలు మేడమ్."

"మీటర్లు కదా ఉండాల్సింది?"

"మొదట్లో మీటర్లే మేడమ్."

మిసెస్ ప్రిడో మరోసారి మీట నొక్కింది. యంత్రం మాట మార్చలేదు. పరీక్షను ఆవిడ అక్కడికక్కడే జూన్ రెండో తేదీకి వాయిదా వేసి, ఈసారి కొయ్యను తానే పాతిస్తానంది. పక్కనే నిలబడి ఉన్న యువ వేటగాడు తావాండా కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "సెకురూ, అయితే ఇన్నేళ్ళూ నేను పాసయింది కూడా నలభైలోనేనా?" అన్నాడు. పెద్దవాళ్ళను మా వైపు సెకురు అనే పిలుస్తారు.

"నువ్వు అద్దాలు పెట్టుకుని పాసయ్యావు. దానికంటే నాది నయం," అన్నారు జైరోసి.

జైరోసి మా నాన్నకు అన్న, నాకు పెదనాన్న. అంగ పొట్టిదవుతున్న సంగతి ఆయనకు తెలుసా తెలియదా అన్నది కచ్చితంగా తేల్చడం కష్టం. తగ్గమని ఆయన ఎన్నడూ దాన్ని కోరలేదు. అది తగ్గుతుంటే అడ్డుపడనూ లేదు.

పరీక్షను పెట్టినది మిసెస్ ప్రిడో భర్త డెస్మండ్. ఆయన పోయి చాలా ఏళ్ళయినా ఆయన నియమం మాత్రం శిబిరాన్ని వదలలేదు. వేటకాలం మొదలయ్యే ముందు ప్రతి వేటగాడూ నిలబడి, దుర్బిణీ బిగించని రైఫిల్‌తో, బొమ్మ భుజం మీద గీసిన సడ్జా, అంటే మొక్కజొన్న ముద్ద, తినే పళ్ళెమంత గుండ్రంలో వెంటవెంటనే రెండు తూటాలు దించాలి. దించలేనివాడికి ఆ ఏడు అతిథులుండరు. అతని రైఫిల్ శిబిరం ఇనప్పెట్టెలోకి వెళ్తుంది.

డెస్మండ్ డెబ్బైనే ఎంచుకోవడానికి కారణం ఆయన జంట గొట్టాల రైఫిల్. పక్కపక్కనుండే రెండు గొట్టాలనూ తయారీలోనే ఒకింత లోపలికి తిప్పి అతుకుతారు. రెండింటి తూటాలూ డెబ్బై దగ్గర దాదాపు ఒకచోటికి చేరతాయి. అంతకు ముందు కొంచెం ఎడంగా ఉంటాయి, దాటాక ఒకదాన్నొకటి అడ్డంగా దాటి ఎవరి దారిన అవి పోతాయి. "డెబ్బై దాటితే నా చేతిలో ఉన్నది ఒక రైఫిల్ కాదు, మాట్లాడుకోని రెండు రైఫిళ్ళు," అనేవాడట ఆయన. పోయేముందు దాన్ని పెదనాన్న చేతికిచ్చి, రెండు తూటాలనూ పళ్ళెంలో పెట్టగలిగినంత కాలం ఉంచుకోమన్నాడు. పెదనాన్న శిబిరంలో చేరింది నీళ్ళు మోసే పనికి. తర్వాత జాడలు పట్టేవాడయ్యారు, ఆ తర్వాత లైసెన్సు తీసుకుని వేటగాడయ్యారు. ఆ మూడు మెట్లకూ గుర్తుగా ఆయన దగ్గర మిగిలింది ఆ రైఫిల్ ఒక్కటే.

ఆయన పేరు మా లోయ దాటి పాకింది మాత్రం గురి వల్ల కాదు, దగ్గరితనం వల్ల. డెస్మండ్ రోజుల్లో తొంభై మీటర్ల నుంచి కూడా కాల్చినవారే. తర్వాత అరవై ఆయన సిద్ధాంతమైంది, ఆ తర్వాత నలభై. కిందటి ఏడు టెక్సాస్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు ఒకాయన గడ్డిలో పాకి పాకి మోకాళ్ళు చెక్కుకుపోయి, "ఇక్కణ్ణించి కాల్చొచ్చు కదా?" అని గుసగుసగా అడిగాడు.

"కాల్చొచ్చు," అన్నారు పెదనాన్న. "కానీ మర్యాద కాదు. దూరం నుంచి కాల్చడం మాటలు మానేసిన చుట్టాలు చేసే పని."

ఆ డాక్టరు పద్దెనిమిది మీటర్ల దగ్గర కాల్చాడు. ఇంటికి వెళ్ళి, దున్న ఊపిరి తన మొహానికి తగిలిందని పత్రికకు రాశాడు. శిబిరం వారు తమ ప్రచార కాగితం మీద "కనురెప్పలు కనిపించేంత దగ్గర" అని అచ్చు వేయించారు. ఆ ఒక్క మాట కోసం అతిథులు పెరిగారు.

జైరోసి దున్నకు అంత దగ్గరగా ఎందుకు వెళ్తారన్న ప్రశ్నను నేను లోయలో చాలామందిని అడిగాను. కుర్రవాళ్ళు ధైర్యం అన్నారు. మా వంశానికి గుర్తు దున్న కాబట్టి, దున్నలు ఆయన్ని బంధువుగా ఎంచి ఊరుకుంటాయన్నారు ముసలివాళ్ళు. చర్చికి వచ్చేవాళ్ళు ప్రార్థన మహిమ అన్నారు. రానివాళ్ళు మొలకు కట్టుకున్న వేరు మహిమ అన్నారు. పెదనాన్న భార్యను ఊరంతా పెద్దకూతురి పేరు మీద మాయి ఎనెసి, అంటే ఎనెసి అమ్మ, అంటారు. ఆమె ఎండబెట్టిన బెండకాయ ముక్కలు చెరుగుతూ, తల ఎత్తకుండానే, "కనబడక," అంది.

ఆమె మాటే నిజం. దుర్బిణీ లేని రైఫిల్‌తో గురి చూసే కన్ను మూడింటిని ఒక్క గీతలో పెట్టాలి: దగ్గరగా ఉన్న వెనక గాడి, గొట్టం చివరనున్న తెల్లపూస, దూరాన ఉన్న జంతువు. పడుచు కన్ను మూడింటి మధ్యా పిచ్చుకలా గెంతుతుంది. యాభై ఏళ్ళు దాటిన కన్ను ఎక్కడో ఒకచోట కూర్చుండిపోతుంది. పెదనాన్న కన్ను దున్న మీద కూర్చుంది. గాడి పొగలా మారింది. పూస ఏడాదికేడాది ఉబ్బి, డెబ్బై మీటర్ల దగ్గర దున్న భుజాన్నంతా మింగేసే స్థితికి వచ్చింది. పూసను చిన్నది చేయడం ఆయన వల్ల కాలేదు, అందుకని దున్నను పెద్దది చేసుకున్నారు. అంటే దగ్గరికి వెళ్ళారు.

కళ్ళజోడు పెట్టుకోవచ్చు కదా అంటే, దారి మూసుకున్నదీ ఆయనే. ఆరేళ్ళ కిందట, తావాండా చేరిన కొత్తలో, నలుగురి ముందూ, "ఇంటికి కిటికీలుంటాయి గానీ వేటగాడి మొహానికేంట్రా?" అన్నారు. అప్పటి నుంచీ శిబిరంలో తావాండా పేరు కిటికీ. వంటవాడి దగ్గర్నుంచి మిసెస్ ప్రిడో దాకా అందరూ అలాగే పిలిచేవారు. ఇంత జరిగాక తానూ అద్దాలు పెట్టుకోవడం కంటే దున్న ముక్కు పట్టుకుని కాల్చడం పెదనాన్నకు సులువనిపించింది.

కొయ్య కొలిచిన మర్నాడు మిసెస్ ప్రిడో ఆయన్ని పిలిపించింది.

"నువ్వు దగ్గరికి వెళ్ళగలవు, నాకు తెలుసు. కానీ అతిథి గురి తప్పి, దెబ్బతిన్న దున్న అరవై మీటర్ల అవతల పొదల్లోకి పారిపోతుంటే ఆపాల్సింది నువ్వు. అది నీ దగ్గరికే రావాలన్న రూలేం లేదు."

"వస్తుంది మేడమ్. చాలాసార్లు వచ్చింది."

"జైరోసీ!"

"సరే మేడమ్."

"జూన్ రెండున రెండూ పళ్ళెంలో పడాలి. పడకపోతే ఆ రైఫిల్ పెట్టెలో పెట్టేది నేనే, కానీ పెడుతూ ఏడుస్తా. నన్ను ఏడిపించకు."

ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలిసింది, ఎవరూ ఎత్తలేదు. పెద్దవాడి కళ్ళ గురించి మొహాన అనడానికి తమ్ముడికి హక్కు లేదు, కూతురికి లేదు, భార్యకు బెండకాయలు చెరిగేటప్పుడు తప్ప లేదు. ఆ హక్కున్నది ఒక్కడికే. వాడు పెనియాసి, సైకిళ్ళు బాగుచేసేవాడు, పెదనాన్నకు సహ్విర. సహ్విరను స్నేహితుడంటే సగమే చెప్పినట్టు. తాతల నాటి నుంచి వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ ఎగతాళి వరస. మా ఇంట్లో చావైనా పెళ్ళైనా వాడు వచ్చి మమ్మల్ని నలుగురిలో ఏడిపించి తీరాలి. వాడు ఏమన్నా కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకుంటే కోడి జరిమానా.

ఆ నెలాఖరున మా సెరీనా మేనత్త సంవత్సరీకం వచ్చింది. ఆమె ఆత్మను ఇంటికి పిలుచుకునే పండుగ అది. జొన్న సారా కాగింది, వంశమంతా వాకిట్లో చేరింది. పెనియాసి పెదనాన్న టోపీ పెట్టుకుని, రెండు రోకళ్ళను సైకిల్ ట్యూబు రబ్బరుతో జంటగా కట్టి భుజాన వేసుకుని వచ్చాడు. వాకిట్లో గుంజకు మేక కట్టేసి ఉంది.

"ఒరేయ్, ఎవరూ కదలకండి. నేను న్యాతిని," అన్నాడు. న్యాతి అంటే దున్న. మా వంశం వాళ్ళను గౌరవంగా పిలిచే పేరు అది.

పొట్ట మీద పాకాడు. రోకళ్ళు ఎత్తాడు, కళ్ళు చికిలించాడు, దించాడు. మళ్ళీ పాకాడు. మళ్ళీ ఎత్తాడు, దించాడు. మేక పక్కకు చేరి దాని మెడ తడిమి, చెవి పట్టుకుని చూసి, చాలా వినయంగా అడిగాడు: "ఏమండీ, క్షమించాలి, దున్నగారంటే మీరేనా?"

మేక అరిచింది.

"కాదంటోంది. అయితే దున్న ఏది? మాయి ఎనెసీ, నువ్వా?"

వాకిలి దద్దరిల్లిపోయింది. అందరికంటే పెద్దగా నవ్వింది పెద్దమ్మే. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. పెనియాసి అప్పుడు జేబులోంచి తీగతో చుట్టిన ఉత్త చట్రం తీసి ముక్కు మీద పెట్టుకున్నాడు. ఒక్కసారిగా నిటారుగా నిలబడి, వాకిలి అవతల దూరంగా నిలబడ్డ ఎవరి కోడినో చూపించి, "అదుగో! దాని అత్తగారి పేరు కూడా కనిపిస్తోంది!" అని రెండు గొట్టాలూ పేల్చాడు. పేలుడు నోటితోనే.

పెదనాన్న నవ్వారు. నవ్వకపోతే కోడి పోతుంది. కానీ కాసేపటికి ఆ నవ్వు జరిమానా భయంతో వచ్చింది కాదని మాకు అర్థమైంది. ఇన్నేళ్ళుగా దాచింది వాకిట్లో పడి అందరి కాళ్ళ కింద నలిగిపోయింది, ఆయనకేమీ కాలేదు.

పొద్దు వాలకముందే పెనియాసి ఆయన పక్కన కూర్చున్నాడు.

"ఎగతాళి అయిపోయింది. ఇప్పుడు మామూలు మాట. గురువారం మిషన్ ఆసుపత్రికి కంటి డాక్టరమ్మ వస్తోంది. సైకిల్ మీద తీసుకెళ్తా."

"అద్దాలు పెట్టుకుంటే ఆ కిటికీ గాడు ఏమంటాడు?"

"నువ్వు వాడిని అన్నదే అంటాడు. నీ మాటే కదా, వినడానికి బాగుంటుంది."

ఆసుపత్రికి రైఫిల్ తీసుకెళ్ళనివ్వరు. అందుకని పెదనాన్న కంటి దగ్గర్నుంచి తెల్లపూస వరకూ ఎంత పొడవుందో అంత కర్ర నరికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ గోడ మీది అక్షరాలు చదవమంది. చదివారు. చేతిలో కాగితం పెట్టి చదవమంది. చదవలేదు.

"దగ్గరి చూపు తగ్గింది, తాతా. చదువుకోడానికి అద్దాలిస్తాను."

"చదవనమ్మా. నాకు గోడా వద్దు, కాగితమూ వద్దు. ఇక్కడ కనబడాలి." కర్రను చెంపకు ఆనించి కొసను చూపించారు.

"అంత దూరంలో ఏం చేస్తారు? కుట్టుపనా?"

"దున్నల పని."

ఆవిడ ఆయన్నీ కర్రనూ మార్చి మార్చి చూసింది. "పాలు పితుకుతారా?"

"ఇప్పుడు వెళ్తున్న దూరం దానికే సరిపోతుందమ్మా. అదే నా బాధ."

పెనియాసి ఆనందం పట్టలేక బయటికి వెళ్ళి సైకిల్ బెల్లు కొట్టి వచ్చాడు. విషయం తెలిశాక డాక్టరమ్మ కర్ర కొసకు కాగితం ముక్క అంటించి ఒక్కో అద్దం మార్చి మార్చి పెట్టింది. కాగితం స్పష్టంగా కనబడితే కిటికీ అవతలి చెట్టు కొంచెం మెత్తబడింది. ముక్కు దగ్గరి వేలు మాత్రం పొగలాగే ఉంది.

"ముగ్గురినీ సంతోషపెట్టడం కుదరదు తాతా. ఎవరో ఒకరు అలుగుతారు."

"గాడిని అలగనీ అమ్మా. దానితో ఎలాగోలా సర్దుకుంటా. పూసతోనే నా తగువు."

ఆ అద్దాలకు సరిపోయే చట్రం దానంగా వచ్చిన పెట్టెలో ఒక్కటే దొరికింది. ఊదారంగుది, ఆడవాళ్ళది, రెండు కొసల్లోనూ మెరిసే రాళ్ళున్నాయి. పెదనాన్న దాన్ని చాలాసేపు చూసి, "రాళ్ళు పీకొచ్చా?" అని అడిగారు. పీకితే విరుగుతుందంది డాక్టరమ్మ.

జూన్ రెండున మైదానంలో ఎప్పుడూ లేనంత మంది చేరారు. కొత్త కొయ్య ఎంత దూరాన ఉందంటే, మొదట అది పక్క శిబిరం వాళ్ళదేమో అనిపించింది. మిసెస్ ప్రిడో యంత్రం తిప్పి అంకెను అందరికీ చూపించింది. తావాండా ముందు కాల్చాడు. రెండూ పళ్ళెంలో పడ్డాయి. వాడు గర్వపడలేదు గానీ కళ్ళజోడును మాత్రం కొంచెం పైకి తోసుకున్నాడు.

పెదనాన్న గీత దగ్గరికి వచ్చారు, చొక్కా జేబులోంచి ఊదా చట్రం తీసి పెట్టుకున్నారు. రాళ్ళు ఎండకు తళుక్కుమన్నాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సిన పెనియాసి కూడా ఊపిరి బిగబట్టాడు. రైఫిల్ భుజానికెక్కింది. కుడి గొట్టం పేలింది. బొమ్మ భుజం మీద చిల్లు, పళ్ళెం నడిమధ్య. ఆ వెంటే రైఫిల్ తన్నిన తన్నుకు కళ్ళజోడు ఎగిరి గడ్డిలో పడింది. చెయ్యి ఆగలేదు, ఎడమ గొట్టమూ పేలింది. ఈసారి చిల్లు బొమ్మకు లేదు. కొయ్య పైకొస నుంచి పెచ్చు ఎగిరిపోయింది.

మిసెస్ ప్రిడో చేతిరుమాలు తీసింది. పెదనాన్న రైఫిల్ మడిచి, ఖాళీ తూటా తొడుగులు దులిపి, ఆవిడకు అందించబోయారు.

అప్పుడు తావాండా ముందుకొచ్చాడు. గడ్డిలో వెతికి ఊదా కళ్ళజోడు తీసి చొక్కాకు తుడిచాడు. తన కళ్ళజోడు తీసి, దాని వెనక ఉండే రబ్బరు పట్టీ విప్పి దానికి తగిలించాడు.

"సెకురూ, కిటికీ పెట్టుకుంటే చాలదు. గడియ కూడా ఉండాలి."

ఆరేళ్ళ బాకీ ఆ ఒక్క మాటతో తీరిపోయింది. పెదనాన్న వాడి మొహంలోకి చూశారు, అద్దాల్లేకుండా వాడికి ఏమీ కనబడటం లేదని అప్పుడే గ్రహించారు. "నువ్వు పెట్టుకోరా, పడిపోతావు," అన్నారు. తర్వాత మిసెస్ ప్రిడో వైపు తిరిగారు.

"మేడమ్, రైఫిల్ తప్పు కాదు. నా కన్నూ తప్పు కాదు. నా ముక్కు జారుడుది."

"డెస్మండ్ నియమంలో ముక్కు గురించి లేదు," అంది ఆవిడ. రుమాలు జేబులో పెట్టుకుంది. "ఉంటే, పట్టీ కట్టుకోమనే రాసేవాడు. రెండూ మళ్ళీ మొదట్నుంచి కాల్చు."

రెండోసారి కళ్ళజోడు కదలలేదు. కుడి తూటా పళ్ళెంలో. ఎడమ తూటా పళ్ళెం అంచు గీత మీద. గీత లోపలా బయటా అని పెనియాసికీ వంటవాడికీ వాదన మొదలైంది. మిసెస్ ప్రిడో అంత దూరం నడిచి వెళ్ళి, వంగి, తన కళ్ళజోడు నుదుటి మీంచి దించి చూసి, "లోపల," అంది. ఆ వయసులో ఆవిడ కంటికి అది ఎలా తేలిందో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

రైఫిల్ పెదనాన్న భుజం మీదే ఇంటికి వచ్చింది. "ఇక నా దూరం యాభై మేడమ్. మీ యంత్రం లెక్కలో యాభై," అని వెళ్తూ చెప్పారు. శిబిరంలో తావాండాను మళ్ళీ తావాండా అనడం మొదలైంది. కిటికీ పేరు ఖాళీగా ఉండటం పెనియాసికి నచ్చలేదు. వెంటనే దాన్ని పెదనాన్నకు కేటాయించాడు.

తర్వాతి వారం ఆ ఏటి మొదటి అతిథి వచ్చాడు. ఒహాయో నుంచి, మిస్టర్ క్లేపూల్. అరవై దాటిన మనిషి. పియానోలు బాగుచేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. అతనిదీ జంట గొట్టాల రైఫిలే. మూడో రోజు ఎండిన ఏటి ఒడ్డున రెల్లుగడ్డి అవతల ముసలి దున్న ఒకటి కనబడింది. పెదనాన్న కళ్ళజోడు బిగించుకుని, సరిగ్గా యాభై దగ్గర ఆగి, "ఇక్కణ్ణించి," అన్నారు.

క్లేపూల్ రైఫిల్ ఎత్తాడు. కళ్ళు చికిలించాడు. దించాడు. కన్ను నలుపుకుని మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ దించాడు. "ఇంకొంచెం దగ్గరికి వెళ్దామా? మీ కాగితంలో కనురెప్పలని రాశారు. అందుకోసమే వచ్చాను."

పెదనాన్న ఆయన చెవి దగ్గరికి వంగి అడిగారు: "పూస ఉబ్బిందా?"

వెంట ఉన్న జాడలు పట్టేవాడు విన్నాడేమోనని క్లేపూల్ ముందు అటు చూశాడు. "కొంచెం. నాలుగేళ్ళ నుంచి. మా ఆవిడకి కూడా చెప్పలేదు."

"ఆవిడకి తెలుసులెండి," అన్నారు పెదనాన్న, మోకాళ్ళ మీదికి దిగుతూ. "పదండి. దూరం నుంచి కాల్చడం మర్యాద కాదు."

ఇరవై దాకా పాకారు. క్లేపూల్ రెండు గొట్టాలూ కాల్చాడు, పెదనాన్న కాల్చాల్సిన అవసరం రాలేదు. మాంసం ఊళ్ళో పంచారు. మా ఇంటికి రాలేదు, దున్న వంశం వాళ్ళం దున్నను తినం. పెనియాసి తన వంతు నంజుకుంటూ మా వాకిట్లోకి వచ్చి, "మీ చుట్టం చాలా రుచిగా ఉన్నాడు, న్యాతీ," అని చెప్పి వెళ్ళాడు.

క్లేపూల్ బయలుదేరే రోజు పొద్దున్న పెదనాన్న ఆయన రైఫిల్‌ను చెంపకు ఆనించుకోమని చెప్పి, కంటి నుంచి పూస వరకూ కొలిచి కర్ర నరికి చేతికిచ్చారు.

"మీ ఊరి డాక్టరుకి చూపించండి. ఆ దూరంలో ఏం చేస్తారని అడుగుతాడు. సిగ్గుపడకుండా చెప్పండి. లేకపోతే పాలు పితుకుతారనుకుంటాడు."

క్లేపూల్ ఆ కర్రను జాగ్రత్తగా చూసి, గొంతు తగ్గించి, ఆ ఊదా చట్రం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.